రైలు లేని ఊరికి రైలు ప్రయాణం



పుట్టింటి నుంచి పసుపు రాసిన శుభలేఖ వచ్చిందనుకోండి. చదివి కళ్ళకద్దుకున్నారు. ముహూర్తం ఎప్పుడో చూశారు. పిల్లల బడి, ఆయన సెలవు, పాలవాడికి చెప్పడం, పక్కింటి వాళ్ళకు తాళంచెవి ఇవ్వడం అన్నీ మనసులో లెక్క వేసుకున్నారు. ఇక మిగిలింది రైలు టిక్కెట్లు. కౌంటరులో గుమాస్తా అయినా, చేతిలోని సెల్‌ఫోను అయినా అడిగేది ఒకటే ప్రశ్న, “ఎక్కడికి?” అని. మీరు “ఎల్లంతకుంట” అంటారు. ఆ పేరుతో స్టేషను లేదు. పోనీ సిరిసిల్ల? అదీ లేదు. వేములవాడ? రాజన్న దర్శనానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు గాని, ఆ ఊరికీ రైలు రాదు.

అప్పుడు మనం ఏం చేస్తాం? పటం ముందు పెట్టుకుని, ఊరికి దగ్గరగా కనిపించిన స్టేషను మీద వేలుపెట్టి, అక్కడికి టిక్కెట్టు తీసేసుకుంటాం. ఆపైన సంగతి “దిగాక చూసుకుందాంలే” అనుకుంటాం. ఆ ఒక్క మాట వల్ల నేను నా చెల్లెలి పెళ్ళి చూడలేకపోయాను. అందుకే ఈ రోజు మీతో ఈ విషయం మాట్లాడదామనుకున్నాను.

మాది ఎల్లంతకుంట. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. పెళ్ళయినప్పటి నుంచి నేను కళ్యాణ్‌లో ఉంటున్నాను. మా సిరిసిల్ల వైపు మగ్గాల వాళ్ళు భీవండికి, షోలాపూరుకు, సూరత్తుకు బతుకుతెరువు కోసం పోయి, అక్కడే ఇళ్ళూ వాకిళ్ళూ చేసుకుని తరాలు గడిచాయి. పండగ వచ్చినా పెళ్ళి వచ్చినా మళ్ళీ మూటాముల్లె కట్టుకుని ఇటు రావలసిందే. మీలో ఎందరికో ఇది సొంత కథలాగే ఉంటుంది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. చెల్లెలి పెళ్ళి ముహూర్తం పొద్దున్నే ఏడు గంటల నలభై నిమిషాలకు. మా వారికి సెలవు తక్కువ. ముందురోజు సాయంత్రం అయిదు గంటలకు కామారెడ్డిలో దిగే బండికి టిక్కెట్లు తీసుకున్నాం. అక్కడి నుంచి సిరిసిల్లకు ఎంత లేదన్నా యాభై, అరవై కిలోమీటర్లు. బస్సు పట్టుకుంటే రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరతాం అనుకున్నాను. రైలు చేరే గంట చూశాను గాని బస్సు పోయే గంట చూడలేదు. రైలు నాలుగు గంటలు ఆలస్యమైంది. చంకలో ఏడాదిన్నర పాప, చేతిలో పెళ్ళికూతురికి కొన్న చీర పెట్టె, రాత్రి తొమ్మిది దాటింది. బస్టాండు బయట చాయ్ అమ్ముకునే ముసలమ్మ మమ్మల్ని చూసి, “సిరిసిల్ల బస్సు ఎప్పుడో పాయె బిడ్డా. ఇగ తెల్లారి అయిదున్నరకే,” అంది. పాపకు పాలు కాచి ఇచ్చి, డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ రాత్రంతా బెంచీ మీద కూర్చున్నాం. పొద్దున సిరిసిల్లలో దిగి, అక్కడ మా ఊరి బస్సు కోసం మళ్ళీ ముప్పావుగంట నిలబడి, ఇల్లు చేరేసరికి తొమ్మిదింబావు. పందిట్లో తలంబ్రాల బియ్యం తొక్కుళ్ళు పడుతున్నాయి. చెల్లెలు నన్ను చూసి ఒక్కటే మాట అంది. “అక్కా, నువ్వు రాకుండనే పుస్తె కట్టిండ్రు.”

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. రైలు ఆలస్యం కావడం నా చేతిలో లేదు, నిజమే. కాని ఆలస్యమైతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవడం నా చేతిలో ఉన్నదే కదా.

పదిమందిని భోజనానికి పిలిచినప్పుడు మనం ఏం చేస్తామో గుర్తుచేసుకోండి. పన్నెండింటికి విస్తళ్ళు వేయాలంటే, పప్పు ఎప్పుడు నానాలి, ఎసరు ఎప్పుడు పెట్టాలి అని వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తాం. ఎవరూ నేర్పక్కర్లేదు. రైలు లేని ఊరికి ప్రయాణం కూడా అలాగే చివర నుంచి మొదలుపెట్టాలి. ముందు బస్సు, తర్వాత స్టేషను, ఆఖరున రైలు. మనమేమో తలకిందులుగా రైలుతో మొదలుపెడతాం.

ఒక ఉదాహరణ చెబుతాను. ముహూర్తం ఆదివారం పొద్దున అనుకోండి. శనివారం దీపాలు పెట్టే వేళకు మీరు ఇంట్లో ఉండాలి. కరీంనగర్ నుంచి మీ ఊరికి ఆఖరు బస్సు సాయంత్రం ఆరింటికి ఉందని ఊళ్ళో వాళ్ళు చెప్పారనుకోండి. ఈ వేళ నేను లెక్క కోసం చెబుతున్నదే, దీన్ని నమ్ముకుని బయల్దేరకండి. ఆఖరు బస్సును ఎప్పుడూ మన బస్సు అనుకోకూడదు. దానికి ముందు బస్సు నాలుగింటికి ఉంటే అదే మన బస్సు. ఆఖరుది ఆపదకు. నాలుగింటి బస్సు అందాలంటే, రైలు మూడు నాలుగు గంటలు ఆలస్యమైనా సరిపోయేలా, పొద్దున పది పదకొండింటికల్లా దిగే బండి చూసుకోవాలి. సాయంత్రం దిగే బండి ఎంత మంచిదైనా, ఎంత వేగంగా వచ్చేదైనా మనకు పనికిరాదు. అదొక్కటే దొరికితే ఒకరోజు ముందు బయల్దేరాలి.

ఈ బస్సు వేళలు ఎవరిని అడగాలి? పుట్టింట్లో పెద్దవాళ్ళను అడిగితే “బస్సులకేం కొదవ, గంటకొకటి” అంటారు. వాళ్ళు బస్సెక్కి ఎన్నేళ్ళయిందో మరి! కాలేజీకి రోజూ బస్సులో పోయివచ్చే మేనల్లుణ్ణో మేనకోడల్నో అడగండి. నిమిషాలతో సహా చెబుతారు. ఆదివారం నాడు ఏ బస్సు తిరగదో కూడా వాళ్ళకే తెలుస్తుంది.

ఇక ఏ స్టేషనులో దిగాలి అన్నది. ఎల్లంతకుంట సిరిసిల్ల, కరీంనగర్, సిద్దిపేట నడుమ ఉంటుంది. సిరిసిల్ల పాతిక కిలోమీటర్ల లోపే. కాబట్టి మీరు ఎక్కడి నుంచి వస్తున్నారు, ఏ వేళకు దిగుతారు అన్నదాన్ని బట్టి దిగే స్టేషను మారుతుంది. అందరికీ ఒకే సమాధానం ఉండదు.

ముంబయి, కళ్యాణ్, ఔరంగాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు మన్మాడ్, నాందేడ్, నిజామాబాద్ మీదుగా సికింద్రాబాద్ వచ్చే పాత దారి ఉంది. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఈ దారినే వస్తుంది. ఈ దారిలో కామారెడ్డి మనకు దగ్గర స్టేషను. పగటిపూట దిగితే అంతకన్నా మంచిది లేదు. చీకటిపడ్డాక దిగేటట్టయితే మాత్రం నా మాట విని ఇంకొంచెం ముందుకు టిక్కెట్టు తీసుకుని సికింద్రాబాదులో దిగండి. దూరం పెరుగుతుంది, డబ్బూ కాస్త ఎక్కువవుతుంది. కాని పెద్ద స్టేషను, పెద్ద ఊరు. బస్సులు ఎక్కువ. విశ్రాంతి గదులూ, ఆడవాళ్ళు కూర్చునే వెయిటింగ్ హాలూ ఉంటాయి. దగ్గరి స్టేషను కన్నా వెలుతురున్న స్టేషను మేలని ఆ రాత్రి నాకు తెలిసివచ్చింది.

నిజామాబాదులో దిగి కరీంనగర్ వైపు రైలు మారడం ఇంకొక దారి. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ దాకా సుమారు 178 కిలోమీటర్ల లైను ఇది. 1993లో శంకుస్థాపన జరిగితే, ముక్కలు ముక్కలుగా సాగి 2017 మార్చిలో గాని పూర్తికాలేదు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు చదువులు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరాక రైలు వచ్చిందన్నమాట! ఆలస్యమైనా, కోరుట్ల, జగిత్యాల ఆడపడుచులకు పుట్టింటి ముంగిటికే రైలు వచ్చింది. అయితే ఈ లైను మీద బండ్లు తక్కువ. దూరం పోయేవి రోజూ ఉండవు. తిరుపతి నుంచి కరీంనగర్ వచ్చే బండి కూడా అంతే. ఏ రోజుల్లో నడుస్తుందో చూసుకోకుండా దాన్ని నమ్ముకుంటే ఇబ్బంది పడతారు. జగిత్యాలకు వెళ్ళే వాళ్ళకు ఒక మాట. స్టేషను ఊళ్ళో లేదు, ఊరి అంచున లింగంపేటలో ఉంది. దాని పేరు కూడా లింగంపేట జగిత్యాలే. కామారెడ్డి జిల్లాలో వేరే లింగంపేట ఉంది, అదీ ఇదీ ఒకటి కాదు.

షోలాపూర్ వాళ్ళు వాడి, తాండూరు మీదుగా సికింద్రాబాద్ చేరతారు. బెంగుళూరు నుంచి వచ్చే బండ్లు చాలావరకు కాచిగూడలో ఆగుతాయి. సిరిసిల్ల, కరీంనగర్, సిద్దిపేట వైపు బస్సులకు జూబ్లీ బస్ స్టేషనుకు రావాలి. సికింద్రాబాద్ స్టేషను నుంచి అది దగ్గరే గాని, పెట్టెలు మోసుకుంటూ నడిచే దూరం కాదు. ఆటో వద్దనుకుంటే సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషనులో ఎక్కితే తర్వాతి స్టేషనే జూబ్లీ బస్ స్టేషను. కాచిగూడలో దిగినవాళ్ళు మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు వస్తే, అక్కడి నుంచి జూబ్లీ దాకా 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో నడుస్తోంది. పిల్లలు మెట్రో ఎక్కామని సంబరపడతారు, మీకు ట్రాఫిక్కులో కూర్చునే బాధ తప్పుతుంది.

విజయవాడ, విశాఖపట్నం, మద్రాసు వైపు నుంచి వచ్చే చెల్లెళ్ళకు వరంగల్, కాజీపేట దగ్గరగా కనిపిస్తాయి. కరీంనగరుకు రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లు. కాని వేళ చూసుకోండి. విశాఖ నుంచి రాత్రి బండి ఎక్కితే, ఉదాహరణకు గోదావరి ఎక్స్‌ప్రెస్, అది వరంగల్ చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంటుంది. నిద్రపోతున్న పిల్లల్ని లేపి, సామాన్లు దించుకుని, ఆ చీకట్లో బస్టాండు వెతుక్కునే బదులు, హాయిగా సికింద్రాబాద్ దాకా పడుకుని తెల్లారాక దిగవచ్చు. పటంలో చూస్తే ఇది చుట్టుదారి. ఆడవాళ్ళకు, పిల్లలతో వచ్చేవాళ్ళకు ఇదే దగ్గరదారి. ఢిల్లీ వైపు నుంచి వచ్చేవాళ్ళు పెద్దపల్లిలో గాని, తమ బండి అక్కడ ఆగకపోతే రామగుండంలో గాని దిగి కరీంనగర్ రావచ్చు.

సిద్దిపేటకు రైలు వచ్చిందని విని చాలామంది సంతోషించారు. 2023 అక్టోబరు 3న అక్కడి నుంచి సికింద్రాబాదుకు మొదటి రైలు బయల్దేరింది. మనోహరాబాద్ నుంచి గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల లైనులో ఇది ఒక భాగం. శంకుస్థాపన 2016 ఆగస్టులో జరిగింది. సిద్దిపేట అవతల సిరిసిల్ల వైపు పట్టాలు ఇంకా పడవలసి ఉంది. పడ్డనాడు ఈ ప్రసంగంతో పని ఉండదు! అందాకా సిద్దిపేట రైలు మనకు ఒక దారి మాత్రమే. బండ్లు కొద్ది. సికింద్రాబాదులో గంటలకొద్దీ దానికోసం కూర్చునే బదులు నేరుగా రాజీవ్ రహదారి మీద పోయే బస్సెక్కితే ముందే చేరతారు. ఆ బస్సు ఎక్కేముందు మాత్రం, రోడ్డు మీద ఏ క్రాస్‌రోడ్డు దగ్గర దిగితే మీ ఊరికి ఆటో దొరుకుతుందో, చీకటి పడ్డాక కూడా అక్కడ ఆటోలు ఉంటాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పగలు కళకళలాడే క్రాస్‌రోడ్డు రాత్రి ఎనిమిదింటికి నిర్మానుష్యంగా ఉంటుంది.

పేర్ల సంగతి ఒకటి చెప్పకపోతే పొరపాటవుతుంది. మా ఊరిని ఎల్లంతకుంట అంటారు, పత్రికల్లో ఇల్లంతకుంట అనీ రాస్తారు. కరీంనగర్ జిల్లాలోనే జమ్మికుంట దగ్గర సీతారామస్వామి గుడి ఉన్న ఊరు ఇంకొకటి ఉంది, అది ఇల్లందకుంట. ఒక్క అక్షరం తేడా. జమ్మికుంటకు రైలు స్టేషను కూడా ఉంది, కాజీపేట నుంచి పెద్దపల్లి పోయే లైను మీద. మా బంధువు ఒకాయన సెల్‌ఫోనులో పటం చూసుకుని, “రైలు లేదంటారేమిటి, ఊరి పక్కనే ఉందిగా” అని దర్జాగా జమ్మికుంటలో దిగాడు. పెళ్ళిపందిరి ఎక్కడా కనిపించలేదు. గుళ్ళో దండం పెట్టుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఊరు చేరాడు. రాములవారి దర్శనమైనా అయింది కదా అని తనే నవ్వేశాడు. అందుకే శుభలేఖలో మండలం, జిల్లా తప్పకుండా చూసుకోండి. శుభలేఖ అచ్చు వేయించేవాళ్ళూ ఊరి పేరు కింద “సిరిసిల్ల దగ్గర” అని ఒక్క ముక్క వేయిస్తే ఎందరికో మేలు.

మరొకటి. మిడ్ మానేరు జలాశయం కింద, మా మండలంలోని అనంతగిరి జలాశయం కింద పాత ఊళ్ళు మునిగి, జనం కొత్త కాలనీలకు మారారు. పదేళ్ళ తర్వాత పుట్టింటికి వచ్చే ఆడపడుచు పాత ఊరి స్టేజీ దగ్గర దిగితే ఎదురుగా నీళ్ళు తప్ప ఇల్లు కనబడదు. అలాంటి ఊళ్ళ వాళ్ళు బస్సు ఇప్పుడు ఎక్కడ ఆగుతోందో అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు టిక్కెట్టు. ప్రయాణం రోజుకు 60 రోజుల ముందు నుంచి రిజర్వేషను ఇస్తారు. ఇదివరకు 120 రోజులుండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు. మనవాళ్ళు ముహూర్తం పెట్టాక నెలరోజుల్లోనే పెళ్ళి చేస్తారు కాబట్టి మనకు దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు. లగ్గం ఖాయమైందని ఫోన్ వచ్చిన రోజే టిక్కెట్టు తీసుకోండి, శుభలేఖ కోసం ఆగకండి. వెయిటింగ్ లిస్టు టిక్కెట్టుతో స్లీపరులో సర్దుకుని కూర్చుందామనే పాత అలవాటు మానుకోవాలి. ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. తత్కాల్ ముందురోజు పది గంటలకు ఏసీ పెట్టెలకు, పదకొండింటికి మామూలు స్లీపరుకు మొదలవుతుంది. సెల్‌ఫోనులో తీసుకునేవాళ్ళ ఖాతాకు ఆధార్ జతచేసి ఉండాలి. ఆ పని పదకొండింటికి అయిదు నిమిషాల ముందు మొదలుపెడితే కాదు, ఈ రోజే చేసిపెట్టుకోండి.

రెండు రైళ్ళు మారవలసి వస్తే, రెండు టిక్కెట్ల పి.ఎన్.ఆర్. నంబర్లనూ కలిపి నమోదు చేయించుకునే వీలు 2019 ఏప్రిల్ నుంచి ఉంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, దాని డబ్బు కోత లేకుండా తిరిగి వస్తుంది. మనం ఎక్కవలసిన స్టేషనుకే రైలు మూడు గంటలకు పైగా ఆలస్యంగా వస్తుంటే, ఎక్కకుండా పూర్తి డబ్బు అడిగే హక్కు కూడా ఉంది. డబ్బు వస్తుంది సరే, ముహూర్తం రాదు గదా! పైగా మన ఊరి బస్సుకు పి.ఎన్.ఆర్. లేదు. రైలు కోసం అది ఆగదు.

అయిదేళ్ళ లోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టిక్కెట్టు అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండు లోపు వాళ్ళకు బెర్తు కావాలంటే పూర్తి ధర, వద్దంటే సగం. రాత్రి ప్రయాణమైతే కక్కుర్తి పడకండి. ఎనిమిదేళ్ళ పిల్లవాడితో ఒకే బెర్తు మీద పడుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. నలభై అయిదేళ్ళు దాటిన ఆడవాళ్ళకు, గర్భిణులకు కింది బెర్తుల కోటా ఉంది. అత్తగారితో కలిసి వెళుతున్నా వయసు సరిగ్గా రాయండి. వయసు తగ్గించి రాసుకుని పై బెర్తు ఎక్కలేక అవస్థపడిన వాళ్ళను చూశాను! పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలో ఎత్తివేశారు, కాబట్టి అది ఉంటుందనుకుని డబ్బు తక్కువ పట్టుకుపోవద్దు.

ఒంటరిగా ప్రయాణం చేసే చెల్లెళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి. టిక్కెట్టు లేకున్నా సరే, మగతోడు లేని ఆడమనిషిని రాత్రిపూట దారిలో రైలు నుంచి దింపివేయడానికి వీల్లేదని 1989 నాటి రైల్వే చట్టం 139వ సెక్షను చెబుతోంది. విచిత్రమేమిటంటే రైల్వే సహాయం కోసం ఫోన్ చేయవలసిన నంబరు కూడా 139. గుర్తుపెట్టుకోవడం తేలిక. మీ బండి ఎంత ఆలస్యంగా నడుస్తోందో కూడా దానికే ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. ఆలస్యం తెలియగానే ఇంటికి ఫోన్ చేయండి, దిగాక కాదు. అప్పుడే తమ్ముడో మరిదో మోటారు సైకిలు మీదైనా, పక్కింటి వాళ్ళ కారులోనైనా ఎదురు రావడానికి వీలుంటుంది.

బస్సు విషయంలో ఒక కొత్త సంగతి ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బు లేదు. కండక్టరు సున్నా టిక్కెట్టు ఇస్తాడు. కాని అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకే. ముంబయిలో కాపురముంటూ ఆధార్ అక్కడికి మార్చుకున్న మనలాంటి వాళ్ళు డబ్బిచ్చి టిక్కెట్టు తీసుకోవాలి. “మా పుట్టిల్లు ఇదే” అంటే కండక్టరు నవ్వుతాడు గాని సున్నా టిక్కెట్టు ఇవ్వడు. పోయినసారి నా పక్కన కూర్చున్న మా వదినకు ఉచితం, నాకు టిక్కెట్టు! ఇద్దరం ఒకే ఇంటి వాళ్ళమే. చిల్లర దగ్గర పెట్టుకోండి. ఈ ఉచితం వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది కూడా. లగ్గాల రోజుల్లో పెద్ద పెట్టెలతో ఎక్కడం కష్టం.

అందుకని సామాను. రైల్లోకి ఎక్కించగలిగినంతా బస్సులోకి ఎక్కించలేం. చక్రాల పెట్టె ప్లాట్‌ఫారం మీద బాగా జారుతుంది, పల్లెవెలుగు బస్సు మెట్ల దగ్గర అదే శత్రువు. నేను పెద్ద పెట్టె ఒకటి మానేసి, చేతికి పట్టే సంచులు రెండు పెట్టుకుంటాను. నగలు, పెళ్ళికూతురికిచ్చే చీర, పిల్లల మందులు, ఒక పూట బట్టలు మోకాళ్ళ మీద పెట్టుకునే సంచిలో ఉండాలి. పైన వేసిన సంచి ఎక్కడికి పోయినా పెళ్ళి ఆగకూడదు.

తిండి రైలు వరకే గాక, బస్సు వరకూ లెక్కవేసి కట్టుకోండి. మొదటి పూటకు చపాతీలు, రెండో పూటకు చింతపండు పులిహోర, మూడో పూటకు చెడిపోనివి, అటుకులు, సత్తుపిండి, పిల్లలకు బిస్కట్లు. ఆ మూడో పూట తిండి చాలామంది కట్టుకోరు. ఆ రాత్రి కామారెడ్డిలో మా దగ్గర మిగిలింది రెండు అరటిపళ్ళే.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించరు. వచ్చేటప్పుడు రెండు సంచులు, పోయేటప్పుడు నాలుగు. ఒడిబియ్యం పోస్తారు, సకినాలు గంపెడు కడతారు, మామిడికాయ తొక్కు జాడీ ఒకటి. వద్దంటే అమ్మకు కోపం, తెస్తే బస్సులో అవస్థ. ఒడిబియ్యం బరువు చూసుకుని, పొద్దున్నే ఎక్కవలసిన రైలు పెట్టుకోకండి. మొదటి బస్సు ఎక్కినా ఆ రైలు అందదు. మధ్యాహ్నం దాటాక గాని, రాత్రికి గాని బయల్దేరే బండి చూసుకోండి. ఆ రోజుకు వీలుంటే ఇంటి నుంచి స్టేషను దాకా నలుగురు కలిసి కారు మాట్లాడుకోండి. రానూపోనూ కారుకు పెట్టలేకపోయినా, పోయేటప్పుడు ఒక్కసారి పెట్టిన డబ్బు వృథా కాదు.

మొన్న వేసవిలో ఆ చెల్లెలి కూతురికే పెళ్ళి కుదిరింది. ఈసారి నేను టైంటేబుల్ ముందు వేసుకోలేదు. ముందు మేనల్లుడికి ఫోన్ చేసి బస్సుల వేళలు రాసుకున్నాను. తర్వాత పొద్దున్నే సికింద్రాబాదులో దిగే బండి చూసుకున్నాను. ముహూర్తానికి రెండు రోజుల ముందు టిక్కెట్టు. బండి గంటన్నర ఆలస్యమైంది, నాకేం కంగారు కలగలేదు. జూబ్లీలో చాయ్ తాగి సిరిసిల్ల బస్సెక్కాను. మధ్యాహ్నం సిరిసిల్ల బస్టాండులో దిగేసరికి, తలకు కొంగు కప్పుకుని ఎండలో నిలబడి ఉంది నా చెల్లెలు. “ఇంత ముందుగాల వచ్చినవేంది అక్కా, ఇంకా పందిరే వెయ్యలే!” అంది.